ఆవిడ మాటల్లోనే

కోనసీమలో ఓ సర్కారు ఆసుపత్రి. ఏ ఊళ్ళోదని అడగొద్దు, పేరు చెబితే అక్కడ పని చేసుకునేవాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. అందులో ఆడవాళ్ళ వార్డుకి ఉమాదేవి స్టాఫ్ నర్సు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఆవిడ సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదని ముక్తేశ్వరం నుంచి తాటిపాక దాకా పేరుంది. నోరు మాత్రం పెద్దది. మంచం మీద ఇద్దరు చుట్టాలు చేరితే చాలు, "ఏవండీ, ఇది పేషెంటు మంచమా, పెళ్ళివారి విడిదా?" అని వార్డు దద్దరిల్లేలా అరుస్తుంది.

అంతటి మనిషీ అమలాపురంలో రెండు రోజుల ట్రైనింగుకి వెళ్ళి, నోరు పడిపోయినట్టు తిరిగొచ్చింది.

అసలు ట్రైనింగంటేనే ఆవిడకి ఒళ్ళుమంట. చేతులు కడుక్కోవడానికి ఓ ట్రైనింగు, చెత్తబుట్టల రంగులకి ఓ ట్రైనింగు. నలభై మంచాలకి ఉన్నదే ఇద్దరు నర్సులాయె, వాళ్ళలో ఒకర్ని లాక్కెళ్ళి ఏసీ హాల్లో కూర్చోబెట్టి, ఉప్మా పెట్టి, ఫొటో తీసి పంపిస్తారు. ఈసారి విషయం ఏవిటంటే, మొగుడి చేతిలో దెబ్బలు తిని ఆసుపత్రికొచ్చిన ఆడమనిషిని నర్సు ఎలా పోల్చుకోవాలి, పోల్చుకున్నాక ఏం చెయ్యాలి అని.

"దీనికీ ట్రైనింగేనా, చూస్తే తెలీదూ?" అంది ఉమాదేవి పక్కావిడతో. మెల్లిగా అనడం ఆవిడకి చేతకాదు కదా, పాఠం చెప్పడానికొచ్చిన మేడం చెవిన పడింది.

ఆ మేడం కోప్పడలేదు. "తెలుస్తుంది కదమ్మా. మరి తెలిసి ఇన్నాళ్ళూ ఏం చేసేరు?" అని అడిగింది.

ఉమాదేవికి ఒక్కొక్కరే గుర్తొచ్చారు. రేవులో జారిపడ్డానండి అన్నవాళ్ళు, గుమ్మం తగిలిందండి అన్నవాళ్ళు, కొబ్బరికాయ రాలి మీద పడిందండి అన్నవాళ్ళు ఎంతమంది! కోనసీమలో ఆడవాళ్ళ మీద రాలినన్ని కాయలు నిజంగా రాలితే తోటల్లో చెట్టుకి ఒక్క కాయ మిగిలేది కాదు. అందరికీ కుట్లు వేసింది, ధనుర్వాతం సూది వేసింది, పడిపోయిందట అని ఇంగ్లీషులో రెండు ముక్కలు గిలికింది. ఒక్కదాన్నీ ఇదేవిటే తల్లీ అని అడగలేదు. సిగ్గేసి, మధ్యాహ్నం ముందు వరసలోకి మారి కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి ముక్కా శ్రద్ధగా విని రాసుకుంది. దెబ్బకీ చెప్పే కథకీ పొంతన కుదురుతోందో లేదో చూడాలి. పెళ్ళాన్ని అడిగితే మొగుడు జవాబు చెబుతున్నాడేమో కనిపెట్టాలి. ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. చెప్పింది నమ్మాలి. ఆవిడకి ఇష్టం లేని పని ఒక్కటీ చెయ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చెప్పినది చెప్పినట్టు రాయాలి.

"ఆవిడ మాటల్లోనే రాయండి. ఆవిడ భాషలోనే రాయండి. మీ ఇంగ్లీషు పొడి మాటలు వద్దు. రేపు ఆవిడ కోర్టుకెక్కితే నిలబడేది ఆ నాలుగు వాక్యాలే" అంది మేడం. రాసిన కాగితం బయటివాళ్ళ కంట పడకుండా చూసుకోమని కూడా చెప్పింది. ఎలా చూసుకోవాలో చెప్పలేదు. ఆ హాల్లో ఉన్న నలభైమంది నర్సుల్లో ఒక్కరికీ అది అడగాలని తట్టలేదు.

వారం తిరక్కుండా సాయిదుర్గ వచ్చింది.

ఇరవయ్యారేళ్ళ పిల్ల. ఎడమ డొక్క పట్టుకుని, ఊపిరి సగం సగం పీలుస్తూ, పొద్దున్న పదింటికి మొగుడి భుజం మీద వాలి నడిచొచ్చింది. మొగుడి పేరు వెంకటకృష్ణ, కొబ్బరికాయల వ్యాపారం. ఇస్త్రీ చొక్కా, నుదుట కుంకుమ బొట్టు, నోరు విప్పితే పంచదార. వార్డులో ఊడ్చే ఆవిణ్ణి కూడా అండీ అనే పిలిచాడు.

"ఏం జరిగిందమ్మా?" అని సాయిదుర్గని అడిగాడు డాక్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావు.

"తోటలో కొబ్బరికాయల దింపు తీయిస్తున్నామండి డాక్టరు గారూ. చెప్తే వినదండి, చెట్టుకిందకొచ్చి నిలబడింది. గెల జారి పడిపోయిందండి" అన్నాడు వెంకటకృష్ణ.

ఉమాదేవి లెక్క వేసుకుంది. చెట్టు మీంచి పడ్డ గెల నెత్తిన పడాలి, భుజాన పడాలి. చంక కింద డొక్కలో ఎలా పడుతుంది? జాకెట్టు పైకి తీసి చూస్తే అక్కడ నాలుగు నల్లటి మచ్చలున్నాయి. మణికట్టు మీద ఇంకో మచ్చ, పాతది, పసుపురంగుకి తిరిగింది.

డాక్టరు నొక్కి చూసి మొహం ముడిచాడు. పక్కటెముక విరిగి ఉంటుందన్నాడు. అంతకంటే భయం, లోపల ప్లీహానికి దెబ్బ తగిలి నెత్తురు కారుతోందేమోనని. బీపీ తక్కువగా ఉంది. "ముందు ఎక్స్‌రే తీయించండి. రేపు స్కానింగు చేద్దాం. అప్పటిదాకా మంచం దిగనివ్వకండి, గంటగంటకీ బీపీ చూడండి. అది పడిపోయిందంటే కాకినాడ పెద్దాసుపత్రికి పంపించెయ్యాలి" అని ఉమాదేవికి చెప్పి వెళ్ళిపోయాడు.

పద్నాలుగో నంబరు మంచం ఇచ్చారు. వెంకటకృష్ణ ఆ మంచం పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. కదలడే! సెలైన్ పెడుతున్నంతసేపూ పెళ్ళాం చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఎదురు మంచం ముసలావిడ అది చూసి, "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అని మురిసిపోయింది.

ఆ ఆసుపత్రిలో మగాడు అడుగుపెట్టని చోటు పురుళ్ళగది ఒక్కటే. అప్పటికి అందులో ఎవరూ లేరు. యూరిన్ టెస్టుకి తీసుకెళ్ళాలని చెప్పి ఉమాదేవి చక్రాల కుర్చీ తెచ్చింది.

"నేనూ వస్తానండి మేడం గారూ, లేవలేదు కదండి" అన్నాడు వెంకటకృష్ణ.

"ఏవండీ, అది పురుళ్ళగదండీ బాబూ. మీరొస్తే లోపలున్న ఆడాళ్ళు నన్ను బతకనిస్తారా?"

"అయ్యో, ఆయ్ అండీ" అని సిగ్గుపడి కూర్చున్నాడు.

లోపలికెళ్ళి తలుపేశాక, ట్రైనింగులో నేర్పిన ప్రశ్న ఉమాదేవి నోటికి రాలేదు. మీ జీవిత భాగస్వామి మిమ్మల్ని ఎప్పుడైనా శారీరకంగా గాయపరిచారా అని అడగాలట. కన్నకూతురి వయసు పిల్లని అలా అడిగేదెవరు? ఆ పిల్ల ముందు పీట మీద కూర్చుని, "ఎవరమ్మా కొట్టింది?" అంది.

సాయిదుర్గ వేసిన తలుపు వైపు చూసింది. "ఎవరికీ చెప్పరు కదండీ?" అంది.

"చెప్పను తల్లీ."

"ఆయనకి తెలిస్తే..."

"తెలియనివ్వను. నా పిల్లల మీద ఒట్టు."

అప్పుడు చెప్పింది. ఏడవలేదు, ఏడిస్తే పక్క లాగుతుందని. "కొట్టేముందు వాచీ తీసి బల్లమీద పెడతారండి. వాచీ తీసేరంటే నాకు తెలిసిపోద్దండి. నిన్న ఫోనులో మా అక్కతో మాటాడుతున్నానని ఫోను లాగేసుకున్నారు. కింద పడ్డాక కాలితో తన్నేరండి, నాలుగుసార్లు. తరవాత ఆయనే వేణ్ణీళ్ళు పెట్టి కాపేరండి. నాలుగేళ్ళ నించీ అంతేనండి."

"నీ తప్పేం లేదమ్మా" అంది ఉమాదేవి. ట్రైనింగులో ఆ మాట వింటున్నప్పుడు సినిమా డైలాగులా ఉందనుకుంది. ఆ పిల్ల మొహం చూశాక అలా అనిపించలేదు. సాయిదుర్గ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఏం చేద్దామని అడిగితే, అక్క దగ్గరకి వెళ్ళిపోతానంది. అక్క చిన్నమ్మలు విశాఖలో ఉంది. నంబరు నోటికొచ్చు. ఉమాదేవి తన ఫోనులోంచే చేసి ఇచ్చింది. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉంటాను, అప్పటిదాకా కదలకు అని అక్క చెప్పింది. అంటే ఒక్క రాత్రి. ఆ ఒక్క రాత్రీ పద్నాలుగో నంబరు మంచం మీద ఈ పిల్లని నిలబెట్టుకుంటే చాలు. డాక్టరు ఎలాగూ మంచం దిగొద్దన్నాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఉమాదేవికి తన ఉద్యోగం మీద గౌరవం పుట్టింది.

సాయిదుర్గని మంచం మీద పడుకోబెట్టి, వచ్చి తన బల్ల దగ్గర కూర్చుని కేసు షీటు రాసింది. ఆవిడ నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, చిన్నప్పుడు బెత్తం పట్టుకుని కాపీ రాయించేవారు. ఆ గుండ్రటి చేతిరాతతో, ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు, వాచీ సంగతితో సహా తెలుగులో రాసింది. కొటేషన్లు పెట్టింది. కింద సంతకం, తారీఖు, టైము. రాశాక రెండుసార్లు చదువుకుంది. ఆ మేడం చూస్తే మెచ్చుకుంటుంది అనుకుంది కూడా.

తర్వాత జరిగింది అరనిమిషం పని. పదో నంబరు ఆవిడ సెలైన్ ఆగిపోయి సూదిలోకి నెత్తురెక్కుతోంది. రెండో నర్సు మమత ఇంజక్షన్ల గదిలో ఉంది. వార్డుబాయి ఆ రోజు సెలవు. కిటికీ అవతల్నుంచి ఎక్స్‌రే అతను కేకేశాడు. "పద్నాలుగు షీటు పంపండమ్మా, నంబరు వేసెయ్యాలి. మళ్ళీ కరెంటు పోద్ది!"

ఆ ఆసుపత్రిలో కేసు షీటు మోసేది ఎప్పుడూ పేషెంటు తాలూకు మనిషే. ఎక్స్‌రేకైనా, నెత్తురు పరీక్షకైనా, మందులకైనా వాళ్ళే పట్టుకెళ్ళాలి, వాళ్ళే తేవాలి. ఇంగ్లీషు గిలుకుళ్ళు వాళ్ళకి అర్థమయ్యేదీ లేదు, చదివేదీ లేదు. రోజుకి ముప్ఫైసార్లు ఉమాదేవి చెయ్యి చేసే పనే అది. ఓ చేత్తో పదో నంబరు సెలైన్ ట్యూబు నలుపుతూ, రెండో చేత్తో బల్లమీది షీటు తీసి పద్నాలుగో మంచం వైపు చాపింది. "ఏవండీ, ఇది ఎక్స్‌రేలో ఇచ్చి నంబరు వేయించుకు రండి."

వెంకటకృష్ణ లేచి వచ్చి, ప్రసాదం అందుకున్నట్టు రెండు చేతులతో పుచ్చుకున్నాడు. "ఆయ్ అండీ."

సెలైన్ కదిలింది. చుక్క, ఇంకో చుక్క. మూడో చుక్క పడుతుండగా, ఆ షీటు తెలుగులో రాశానని ఉమాదేవికి గుర్తొచ్చింది.

పరిగెత్తింది. నలభయ్యారేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, వరండా పొడుగునా పరిగెత్తింది. చుట్టాలూ పిల్లలూ అడ్డం తప్పుకున్నారు. ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద వెంకటకృష్ణ కూర్చుని ఉన్నాడు. షీటు ఒళ్ళో పెట్టుకుని, వేలు పెట్టి, బళ్ళో పిల్లాడిలా లైను వెంట లైను చదువుతున్నాడు.

"ఇలా ఇవ్వండి, అది... అది తప్పు షీటండి" అంది రొప్పుతూ.

తలెత్తి చూశాడు. మొహంలో కోపం అన్నది లేదు. "కాదండి మేడం గారూ, మాదేనండి. పేరుంది కదండి" అన్నాడు. లేచి షీటు మళ్ళీ రెండు చేతులతోనూ ఇచ్చాడు. "ముత్యాల్లాంటి రాతండి మీది. వాచీ సంగతి కూడా రాసేరు."

ఆవిడ కంటే ముందే వార్డుకి నడిచి, మంచం దగ్గరికెళ్ళి, పెళ్ళాం చెవిలో ఏదో అన్నాడు. అది నాలుగు మాటలు కూడా ఉండదు. సాయిదుర్గ కళ్ళు తిప్పి ఉమాదేవిని చూసింది. ఆ చూపు చూడలేక ఉమాదేవి తల దించుకుంది.

అక్కణ్ణుంచి అన్నీ మర్యాదగానే జరిగాయి. ఇంటికి తీసుకెళ్ళిపోతామండి, ప్రైవేటులో చూపించుకుంటామండి అని వెంకటకృష్ణ డాక్టరుకి దణ్ణం పెట్టి చెప్పాడు. కదిలిస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు అరిచాడు. ఉమాదేవి షీటు చూపించి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇంక దాచి ఎవర్ని కాపాడాలి?

డాక్టరు మంచం దగ్గరికొచ్చాడు. "ఏమ్మా, ఈవిడ రాసింది నిజమేనా?"

సాయిదుర్గ మొగుడి వైపు చూడలేదు. చూడక్కర్లేదు కూడా. "నేనేం అనలేదండి. గెల పడిందండి. ఆవిడగారే ఏదో రాసుకున్నారండి" అంది.

"చూసేరా అండీ" అన్నాడు వెంకటకృష్ణ బాధగా. ఎదురు మంచం ముసలావిడ బుగ్గలు నొక్కుకుంది. "ఇదేం పోయేకాలమమ్మా, బంగారంలాంటి కాపరంలో నిప్పులు పోస్తావా?" అని ఉమాదేవిని తిట్టింది. 

ఉమాదేవి వెళ్ళి ఆసుపత్రి పోలీసు ఔట్‌పోస్టులో ఉన్న కానిస్టేబులు కనకరాజుని పిలుచుకొచ్చింది. అతను మంచివాడే. ఒకటికి రెండుసార్లు అడిగాడు, మొగుణ్ణి దూరంగా పంపి కూడా అడిగాడు. "ఆవిడే కాదంటుంటే నేనేం రాసుకోనండి సిస్టరు గారూ?" అని చేతులు పిసుక్కున్నాడు. మహిళల హెల్ప్‌లైనుకి ఫోను చేసింది. బాధితురాలితో ఒక్కసారి మాట్లాడించండి, ఆవిడ ఊఁ అంటే మనుషుల్ని పంపిస్తాం అన్నారు వాళ్ళు. ఫోను చెవి దగ్గర పెట్టబోతే సాయిదుర్గ మొహం గోడకేసి తిప్పేసుకుంది. "దణ్ణం పెడతానండి, నన్నొదిలెయ్యండి" అంది. ఆవిడకి ఇష్టం లేని పని ఒక్కటీ చెయ్యకూడదు! ఆ ముక్క కూడా ట్రైనింగులో రాసుకున్నదే.

నా ఇష్టప్రకారం వెళ్తున్నాను, ఏం జరిగినా బాధ్యత నాదే అన్న కాగితం మీద సాయిదుర్గ చేత సంతకం పెట్టించారు. రాయడానికి వెంకటకృష్ణే తన జేబులో పెన్ను తీసి ఇచ్చాడు.

చేతికున్న సెలైన్ సూది తియ్యాల్సింది ఉమాదేవే. వంగి ప్లాస్టరు ఊడదీస్తుంటే సూది పక్కకి లాగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ చేతిలో పేషెంటుకి నొప్పి కలిగింది. దూది నొక్కి పట్టుకున్నప్పుడు, సాయిదుర్గ పెదాలు మాత్రం కదిలాయి.

"ఎవరికీ చెప్పనన్నారు కదండీ."

క్షమించు తల్లీ అందామనుకుంది. మంచానికి అటుపక్క వెంకటకృష్ణ చెప్పులు సర్దుతూ నిలబడి ఉన్నాడు. ఆ ఒక్క మాటా అనడానికి కూడా ఉమాదేవికి వీలు లేకపోయింది. స్నేహితుడి కారు తెప్పించి, దుప్పటి పరిచి, పెళ్ళాన్ని పువ్వులా ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

పొద్దున్నే అక్క వచ్చింది. పద్నాలుగో మంచం మీద అప్పటికే ఎవరో జ్వరం ఆవిడ పడుకుని ఉంది. సంగతి విని చిన్నమ్మలు అలాగే బ్యాగుతో చెల్లెలుండే ముక్తేశ్వరం వెళ్ళింది. పన్నెండింటికి ఫోను చేసింది. "వీధరుగు మీదే కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళిచ్చేరండి. చెల్లి పడుకుందట. గుమ్మంలోంచి చూపించేరు, అటు తిరిగి పడుకునుంది. పిలిస్తే, నేనే పడ్డానక్కా వెళ్ళిపో అంది. నేనేం చెయ్యనండి?" అని ఏడ్చింది. ఉమాదేవి ఆవిణ్ణేం ఓదారుస్తుంది? ఇద్దరూ చెరో పక్క ఏడ్చి ఫోను పెట్టేశారు.

ప్రైవేటులో చూపించారో లేదో తెలియలేదు. కనకరాజు తన తరఫున ఆ ఊరి స్టేషనుకి చెప్పించాడు. వాళ్ళలో ఒకళ్ళు వెళ్ళి, అమ్మాయి నడుస్తోంది, మాట్లాడుతోంది, ఫిర్యాదేమీ లేదంది అని వచ్చి చెప్పారు.

మూడో రోజు మధ్యాహ్నం ఉమాదేవి ఉండబట్టలేక, డ్యూటీ గదిలో తలుపేసుకుని వెంకటకృష్ణ నంబరుకే చేసింది. రోజూ చేస్తూనే ఉంది. పడుకుందండి, బాగానే ఉందండి అని అతనే చెప్పి పెట్టేస్తున్నాడు.

"నమస్కారం అండీ మేడం గారూ. మీరు ఇంత శ్రద్ధ పడుతున్నారు, మా సొంతాళ్ళు కూడా పట్టించుకోరండి" అన్నాడు. "ఇదిగో, పక్కనే ఉంది, మాటాడండి. స్పీకరు పెడతానండి. ఫోను పట్టుకుంటే దానికి పక్క లాగుతోంది."

ట్రైనింగులో అన్నీ చెప్పారు గానీ, మొగుడు వింటుండగా పెళ్ళాన్ని ఏం అడగాలో చెప్పలేదు.

"అమ్మా, నొప్పి తగ్గిందా?"

"తగ్గిందండి."

"ఊపిరి బాగా అందుతోందా?"

"అందుతోందండి." మాటకీ మాటకీ మధ్య ఊపిరి తెగుతోంది. ఆ తెగడం ఏవిటో ఉమాదేవికి తెలుసు. ఆ తెలిసిన ముక్క ఎవరికి చెప్పాలో తెలియదు.

"కళ్ళు తిరుగుతున్నాయా తల్లీ? ఒక్కసారి స్కానింగుకి తీసుకు రమ్మను. కేసూ వద్దు, కాగితమూ వద్దు, నేనేం రాయను."



"మీరు ఇంక ఫోను చెయ్యకండమ్మా" అంది సాయిదుర్గ.

"ఎందుకమ్మా?" అనేసి ఉమాదేవి నాలిక కరుచుకుంది.

"మీరు చేసినప్పుడల్లా..." అని ఆగిపోయింది.

"అదేనండి మేడం గారూ, మీకెందుకు శ్రమ అంటోందండి. ఉంటానండి మరి" అన్నాడు వెంకటకృష్ణ. ఫోను పెట్టేశాడు.

ఉమాదేవి ఆ కుర్చీలోంచి లేవలేదు. బయట మమత తలుపు కొట్టి, ఆరో నంబరుకి ఇంజక్షన్ టైమయిందక్కా అని పిలిచింది. వస్తున్నానని చెప్పింది, లేవలేకపోయింది. సాయిదుర్గ వెళ్ళిన దగ్గర్నుంచి తను ఎన్నిసార్లు ఫోను చేసిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అయిదు. అయిదుసార్లు వాచీ బల్లమీదకి చేరి ఉంటుంది! ఆ పిల్ల బాగోగులు కనుక్కుంటున్నాననుకుంది.

మర్నాడు ఫోను చెయ్యలేదు. ఆ మర్నాడు ఫోను చేతిలోకి తీసుకుని, నంబరు చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకుంది. సాయిదుర్గ ఉందో పోయిందో తెలియదు. ఆ పిల్ల కోసం తను చెయ్యగలిగింది ఇంక ఫోను చెయ్యకుండా ఉండడం ఒక్కటే.